జోడులేని సాము

(సికిందరాబాదులో ఒక సభయందు చేయబడిన ఉపన్యాసము)



నేడు మీ ముందుంచదలచిన ప్రశ్న చిన్నది. మన యుద్ధవైమానికులు శిక్షణకాలమున ఎవరితో పోరాడుచున్నారు? తమవంటి మిత్రునితోనా, తమను నిజముగా ఓడింపదలచిన ప్రత్యర్థితోనా? ఇది సైన్యాధికారులు చూచుకొనవలసిన విషయమని మీరనవచ్చును. కొంతవరకు నిజమే. కాని యీ విషయమున ప్రజలకును పాలు గలదని చెప్పుటకే నేనిచట నిలిచితిని.

ఈ ప్రశ్న నడుగుటకు సికిందరాబాదుకంటె తగిన ఊరు లేదు. అల్వాలు, బొల్లారము, హకీంపేట ప్రాంతములవారికి శిక్షణవిమానముల రొద కోడికూతవంటిది. రెండవ ప్రపంచయుద్ధకాలముననే బేగంపేటలో వైమానికులకు ఓనమాలు నేర్పిరి. 1971లో దుండిగల్లునందు వైమానికదళ అకాడమీ ఆరంభమైనది. హకీంపేటలో దశాబ్దములపాటు కిరణ్ విమానములపై యువకులు యుద్ధవిమానయానమునకు చేయి త్రిప్పుకొనిరి. 2016 జూన్ 18వ తేదీన ఈ దేశపు ప్రథమ యుద్ధవైమానికురాండ్రు అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అధికారపదవి నందుకొన్నది దుండిగల్లు మైదానముననే. కావున వైమానికుల చదువు మనకు పరదేశవార్త కాదు. మన పెరటిలోని బడి. ఆ బడిలో చదివిన బిడ్డ రేపు ఆరితేరిన శత్రువు నెదుర్కొన్నప్పుడు నిలుచునా లేదా యని అడుగుటకు మనకు హక్కు గలదు.

విమానము నడుపుట యొక విద్య; విమానముతో యుద్ధము చేయుట మఱియొక విద్య. మొదటిదానిలో మనకు ఎదురు నిలుచునవి గాలి, మేఘము, భూమ్యాకర్షణము. వీనికి కపటము లేదు. ఒక నియమమునకు లోబడియే నడచును. రెండవదానిలో ఎదురు నిలుచువాడు బుద్ధి గల మనుష్యుడు. మన యలవాటును కనిపెట్టును. మనమెటు తిరుగుదుమో ముందుగా నూహించును. మనము చూడని వైపునుండి వచ్చును. మొదటి విద్యను బడిలో క్రమముగా నేర్పవచ్చును. రెండవ విద్యకు గురువు చేయి తిరిగిన విరోధి యొక్కడే.

మన గరిడీలలో ఈ మర్మము నిరక్షరాస్యులైన వస్తాదులకు సైతము తెలియును. ఒంటరిగా కఱ్ఱ త్రిప్పువాని చేతివాటము చూచి తిరునాళ్లలో జనము చప్పట్లు కొట్టుదురు. వస్తాదు మాత్రము చప్పట్లు కొట్టడు. వానికి జోడుగా మఱియొకని నిలిపి, "ఇప్పుడు త్రిప్పు" మనును. తనకంటె గట్టివానితో పట్టుబట్టి పదిమార్లు మట్టి కఱచినవాడే పందెమునకు పనికివచ్చును. ఎల్లప్పుడును తనకంటె చిన్నవానినే పడవేయువాడు కండలు పెంచును గాని కుస్తీ నేర్వడు.

వానలకొఱకు విరాటపర్వము చదివించుకొను దేశము మనది. ఉత్తరకుమారుని కథ మన పిల్లలకును తెలియును. అంతఃపురమున స్త్రీల నడుమ కూర్చుండి కౌరవుల నందఱిని ఒక్కడనే గెలిచెదనన్నాడు. సేన కంటబడగానే రథము దిగి పరువిడినాడు. పిరికివాడని మనము నవ్వి ఊరకుందుము. కాని కథను మఱి కొంత లోతుగా చూడుడు. ఆతడు ధనుర్విద్య నభ్యసింపకపోలేదేమో! తన్ను ఓడింపగల వానిని మాత్రము ఆ దినమువఱకు చూచియుండలేదు. చుట్టునున్నవారు ఆతని మాటలకు తలలూపినవారే గాని ఆతనిని పరీక్షించినవారు కారు. దోషము రాకుమారునిది కొంత. ఆతనిని పెంచిన కొలువుకూటమిది కొంత.

ఈ పొరపాటు మహాబలవంతములైన దేశములును చేసినవి. కొరియా యుద్ధమున తాము కోల్పోయిన ఒక్కొక్క విమానమునకు పదేసి శత్రువిమానములను కూల్చితిమని అమెరికావారు చెప్పుకొనిరి. వియత్నాము యుద్ధమునకు వచ్చునప్పటికి ఆ లెక్క ఒకటికి రెండు, రెండున్నర వఱకు దిగజారినది. విమానములు నాసిరకమువా? కావు. ఫాంటము ఆనాటి మేటి విమానములలో నొకటి. లోపము తలపులో నుండినది. దూరమునుండి క్షిపణి వేయు కాలమున దగ్గరి పోరు ఇక నుండదని నమ్మి, ఆ విమానమున మొదట ఫిరంగినే అమర్చలేదు. శిక్షణలో ఫాంటము ఫాంటముతోనే పోరాడెడిది. చిన్నదై, చుఱుకుగా మలుపు తిరుగు మిగ్ ఎదురైనప్పుడు వైమానికునికి నిన్నటివఱకు చూడని జంతువును చూచినట్లయ్యెను.

1968లో నౌకాదళపు కెప్టెన్ ఫ్రాంక్ ఆల్ట్ ఈ వైఫల్యమును శోధించి దాపఱికము లేని నివేదిక వ్రాసెను. దాని ఫలితముగా 1969లో మిరమారునందు వెలసిన పాఠశాలయే లోకము టాప్‌గన్ అని పిలుచునది. అచట గురువులే శత్రువులైరి. చిన్నవైన స్కైహాకు విమానములెక్కి మిగ్ వలె ఎగురుచు, మిగ్ వలె మోసగించుచు, శిష్యులను రోజున కొకమారు ఓడించి పంపిరి. 1972లో ఆ నౌకాదళపు లెక్క ఒకటికి పండ్రెండు వఱకు పెరిగినది. అట్టి బడి నప్పటికి సాగింపని వైమానికదళపు లెక్క పెద్దగా మారలేదు. పిమ్మట వారును మేల్కొనిరి. మొదటి పది యుద్ధయాత్రలలో బ్రదికి బయటపడినవాడు తరువాత నిలదొక్కుకొనునని గమనించి, ఆ పది యాత్రలను స్వదేశముననే చేయింపవలెనని 1975లో నెవడా ఎడారిలోని నెల్లిస్‌యందు రెడ్‌ఫ్లాగ్ అను అభ్యాసమును నెలకొల్పిరి. 1979 మొదలు 1988 వఱకు సంపాదించిన నిజమైన మిగ్ విమానములనే రహస్యముగా నడిపి తమవారికి జోడు నిలిపిరి. గొప్ప దేశమని విఱ్ఱవీగక తన యోటమిని తాను చదువుకొనుట వలన వచ్చిన లాభమిది.

ఇక మన సంగతి. 1965 సెప్టెంబరు 1వ తేదీన ఛంబు రంగమునకు పంపిన పాతబడిన వాంపైరు విమానములు ఒక్కనాటనే నాలుగు కూలినవి. రెండు దినములకే మనవారు ఎత్తు మార్చిరి. మిస్టీరు విమానములను ఎరగా చూపి, చిట్టి నాట్ విమానములను క్రిందుగా దాచి, సేబరులను రప్పించిరి. బరిలో ఆనాడు యంత్రముకంటె ఉపాయము ఎక్కువగా పని చేసినది. ఉపాయము నేర్పుటకు వేఱొక బడి యుండవలెనని ఆ యుద్ధము మనకు చెప్పినది. 1971 ఫిబ్రవరిలో ఆదంపూరునందు యుద్ధతంత్ర శిక్షణకై ప్రత్యేక దళము ఏర్పడెను. ఆ సంవత్సరాంతపు యుద్ధమునందే దాని వైమానికులు రాత్రివేళ శత్రువుల విమానాశ్రయములపైకి ఒంటరిగా పోయి వచ్చిరి. జామ్‌నగరుమీదుగా గ్వాలియరు చేరిన ఆ సంస్థయే నేడు టాక్‌డే అను పేర ప్రసిద్ధమైనది. మన వైమానికులలో మేలేర్చినవారే అచటికి పోదురు. అచటను గురువులే విరోధులు.

కావున మనకు బుద్ధి లేదనుట అన్యాయము. 2004 ఫిబ్రవరిలో గ్వాలియరునందు కోప్ ఇండియా అభ్యాసములో అమెరికావారి ఎఫ్-15 విమానములతో మనవారు తలపడినప్పుడు వచ్చిన అతిథులే ఆశ్చర్యపడిరి. ముసలిదని తలచిన మిగ్-21కు క్రొత్త కన్నులు పెట్టి మనవారు చూపిన నేర్పును మెచ్చుకొనిరి. 2008లో మన సుఖోయి విమానములు నెల్లిస్ వఱకు పోయి రెడ్‌ఫ్లాగులో పాల్గొన్నవి. 2024లో తరంగశక్తి పేర సూలూరునకు, జోధపురమునకు అనేకదేశముల విమానములు వచ్చినవి.

అయినను ఇచటనే జాగరూకత వలయును. కోప్ ఇండియా ఫలితమును చూచి మన పత్రికలు కొన్ని అమెరికాను జయించినట్లే వ్రాసినవి. ఆ అభ్యాసమున మన విమానముల సంఖ్య ఎక్కువ. అతిథులు తమ దూరపు క్షిపణులను పూర్తిగా వాడరాదను నియమము గలదు. వారు తెచ్చిన విమానములలో నాటి క్రొత్త రాడార్లు లేవు. మిత్రుడు మనయింటికి వచ్చి ఆడు ఆటలో తన మర్మమైన పట్లను దాచుకొనియే ఆడును. మనమును దాచుకొందుము. అట్టి పోరు మిక్కిలి ఉపయోగకరమైనదే గాని యుద్ధము కాదు. అందు గెలిచినందుకు డప్పు కొట్టుట కంటె, ఏ నియమము తీసివేసినచో ఓడియుందుమో వెదకుట మేలు.

2019 ఫిబ్రవరి 27వ తేదీని జ్ఞాపకము చేసికొందము. సరిహద్దుపై విమానములు పోరాడుచున్న వేళ బడ్‌గాం వద్ద మన హెలికాప్టరును మన క్షిపణియే కూల్చినది. ఆరుగురు వైమానికదళమువారు, నేలమీది పౌరుడొకడు మరణించిరి. అది పెద్ద తప్పేయని ఆ యేడు అక్టోబరులో దళాధిపతి భదౌరియా ఒప్పుకొనెను. ఇందలి పాఠమేమి? ఆకాశములోని వైమానికునకు ఎంత సాధన యుండినను, నేలమీద తెర చూచువాడును, క్షిపణి మీట నొక్కువాడును ఆ కలవరములో తనవానిని పైవానినుండి వేఱుపఱచుటకు అంతటి సాధనయే చేసియుండవలెను. నిజమైన యభ్యాసమనగా రెండు విమానముల గిరికీలు కావు. సందేశము తెగిపోవుట, తెరపై గుర్తు మాయమగుట, ఆజ్ఞ ఆలస్యమగుట, ఇవన్నియు అభ్యాసమునందే అనుభవింపవలెను.

2025 మే మాసపు పోరులో ఈ సత్యము మఱింత స్పష్టమైనది. ఇరుపక్షముల విమానములు సరిహద్దు దాటకయే కంటికి కనబడని దూరమునుండి క్షిపణులు వేసికొన్నవి. చీనావారు చేసిన పి.ఎల్.-15 క్షిపణి శకలములు పంజాబు పొలములలో పడినవి. ఎదుటివాడు నేడు ఒంటరి విమానము కాడు. దూరమునుండి చూచు విమానమొకటి, వార్త నందించు తీగలేని తంతి, కనబడకయే బాణము వేయు విమానము, ఈ మూడును కలిసిన గొలుసు వాడు. 2011 మొదలు పాకిస్తానువారు చీనావారితో షాహీన్ అను పేర కలిసి అభ్యసించుచున్నారు. వారికి జోడు దొరికినాడు. మనకు అట్టి గొలుసును పోలిన జోడు ఎక్కడ?

ఆ పోరులో నష్టములు కలిగినవా యను ప్రశ్నకు, నష్టములు యుద్ధములో భాగమని మే 11న ఎయిర్ మార్షల్ భారతి అనెను. మే 31న సింగపూరులో జనరల్ అనిల్ చౌహాన్ మఱికొంత విప్పి చెప్పెను. విమానములు పడుట ముఖ్యము కాదు, ఎందుకు పడినవో తెలిసికొనుట ముఖ్యమని, యుద్ధతంత్రములోని తప్పును గుర్తించి సవరించి రెండు దినములలో మరల ఎగిరితిమని ఆయన మాటల సారాంశము. నా మట్టుకు ఆ మాట ఒక విజయవార్తకంటె విలువైనది. కాని దేశములో దానికి కలిగిన స్పందన మీరెఱుగుదురు. అంతకాలము ఏల చెప్పలేదని కొందఱు, అసలేల చెప్పవలెనని కొందఱు ఆయనపై పడిరి. "ఎందుకు పడినవి?" అను అసలు ప్రశ్న నడిగినవారు కొద్దిమంది.

శిక్షణ విషయమున మనము చేసిన జాగును సైతము మఱువరాదు. యువవైమానికునికి వేగవంతమైన శిక్షణవిమానము వలయునని 1982లో ఎయిర్ మార్షల్ లాఫొంటేన్ సంఘము చెప్పినది. హాక్ విమానమునకు ఒప్పందము కుదిరినది 2004లో. అది బీదరునందు కొలువు చేరినది 2008లో. ఒక తరమంతయు నెమ్మదియైన కిరణ్ దిగి నేరుగా ప్రచండవేగము గల మిగ్-21 ఎక్కినది. 482 మిగ్ విమానములు ప్రమాదములకు గుఱియైనవని, 171 మంది వైమానికులు మరణించిరని 2012లో రక్షణమంత్రి ఆంటోనీ పార్లమెంటునకు తెలిపెను. అన్నింటికిని శిక్షణలోపమే కారణమనను. యంత్రదోషములును గలవు, పక్షుల తాకిడియు గలదు. కాని మెట్టు లేనిచోట దూకుమన్న కార్యాలయపు నిదానమునకు అందులో భాగము లేదని యెవరనగలరు?

సాధన కఠినమైనకొలది అపాయము పెరుగునని మీరడుగుదురు. నిజమే. 2023 జనవరి 28న గ్వాలియరునుండి లేచిన సుఖోయి, మిరాజ్ విమానములు శిక్షణలో కూలి ఒక వైమానికుడు మరణించెను. ఆ యేడు డిసెంబరు 4న దుండిగల్లునుండి లేచిన పిలాటస్ మన మెదకు జిల్లా తూప్రాను చెంత కూలి గురువును శిష్యుడును ఒక్కమారే పోయిరి. ఆ ఇండ్లలోని తల్లుల ముందు నిలిచి కఠినసాధన మంచిదని చెప్పుట సులభము కాదు. అందుచేత కాఠిన్యము వేఱు, అజాగ్రత్త వేఱు అని గట్టిగా పట్టుకొనవలెను. ఎంత ఎత్తుకు క్రిందుగా పోరాడరాదో, ఎంత చేరువకు పోరాదో గీతలు గీసి, ఆ గీతల లోపల విరోధికి సంపూర్ణమైన స్వేచ్ఛ నీయవలెను. గీత దాటినవానిని, ఎంత గొప్పవాడైనను, క్రిందికి దింపవలెను. గీతలలోపల ఓడినవానిని మాత్రము ఎవ్వరును నిందింపరాదు.

కొందఱు యంత్రపుగదులలో, అనగా సిమ్యులేటరులలో, అంతయు నేర్పవచ్చునందురు. వానికి ఖర్చు తక్కువ, ప్రాణభయము లేదు. మన రహస్యమైన ఎత్తులను ఆకాశమున ప్రదర్శించి పొరుగువాని రాడారుకు చూపనక్కఱలేదు. పి.ఎల్.-15 వంటి క్షిపణిని పదివేలమార్లు మనపై వేయించుకొని బ్రదుకవచ్చును. ఈ సాధనములను విరివిగా పెంచవలసినదే. కాని మలుపులో ఒడలు తొమ్మిదింతల బరువై కన్నులు చీకట్లు క్రమ్ముచుండగా లెక్క తప్పకుండ ఆలోచించుట కుర్చీలో కూర్చున్నవానికి రాదు. భయమునకు ప్రతిమ లేదు. ఆకాశమును గదియు రెండును కావలెను.

మనకు వలసినవి మూడు. మొదటిది, విరోధి పాత్ర ధరించుటయే వృత్తిగా గల స్థిరమైన దళము. అది టాక్‌డేలోని మేటివారికే గాక మారుమూల దళములోని సామాన్యునికిని ఏటేట జోడుగా నిలువవలెను. కాని 2025 సెప్టెంబరు 26న మిగ్-21 కొలువు చాలించిన పిమ్మట, 42 దళములుండవలసిన చోట 29 మాత్రమే మిగిలినవి. కాపలాకే విమానములు చాలనివాడు విరోధి వేషమునకు విమానము నెక్కడనుండి తెచ్చును? విమానముల కొఱత యుద్ధకాలపు కొఱత మాత్రమే కాదు. శాంతికాలమున అది శిక్షణను తినివేయును. రెండవది, ఇంధనము, గగనవిహారఘంటలు. బడ్జెటులో క్రొత్త విమానము కొనుటకు చప్పట్లు పడును. ఉన్న విమానము నెగిరించుటకు నూనె కొనుడనిన నెవరును వినరు. మూడవది అన్నిటికంటె చవుకైనది, అన్నిటికంటె అరుదైనది. పోరు ముగిసిన పిమ్మట గదిలో కూర్చుండి నిజము చెప్పుకొనుట. అచట గ్రూప్ కెప్టెనును నిన్నగాక మొన్న రెక్కలు తగిలించుకొన్న కుఱ్ఱడు, "అయ్యా, తమరు ఫలానా నిమిషమున మరణించితిరి" అని చెప్పగలుగవలెను. పెద్దవాడు దానిని వ్రాసికొనవలెను. పదవిని వాకిటనే విడిచి లోనికి పోవలెను.

సోదరులారా! ఈ మూడవదానిలోనే మన పాలు గలదు. గదిలో నిజము చెప్పుకొను వైమానికుడు గది వెలుపలి దేశమునుండి ఊడిపడినవాడు కాడు. బయట ప్రతివాడును విజయగాథలనే కోరి, ఓటమి మాట యెత్తినవానిని ద్రోహి యనుచుండగా, లోపల మాత్రము నిజాయితీ ఎంతకాలము నిలుచును? గెలిచినామని చెప్పినవానికి దండలు, ఎక్కడ ఓడితిమో చెప్పినవానికి నిందలు నిచ్చు దేశమున అభ్యాసములు సైతము మెల్లమెల్లగా గెలుపుకొఱకే ఏర్పాటగును. జోడుగా నిలిచినవాడు పెద్దల మనసెఱిగి పడిపోవును. కాగితములపై మనమే యెల్లప్పుడును జయింతుము. నిజమైన శత్రువు వచ్చిననాడు ఆ కాగితము కవచము కాదు.

దేశభక్తి యనగా సేనను పొగడుట మాత్రమే కాదు. సైన్యరహస్యములను బయటపెట్టుమని నేననను. అవి యుండవలసినచోట ఉండవలెను. విమానములకు, శిక్షణకు సొమ్ము సకాలమున చేరినదా యని మన ప్రతినిధుల నడుగుడు. ఒక నివేదిక వచ్చిన పిమ్మట ఇరువదియాఱేండ్లు ఏల పట్టెనో మరల అట్టి జాగు జరుగకుండ అడుగుడు. తప్పు నొప్పుకొన్న అధికారి మాటను గౌరవముతో వినుడు. అభ్యాసములో గెలిచితిమను వార్త చదివినప్పుడు ఏ నియమములతో గెలిచితిమని యొక్కమారు ప్రశ్నింపుడు.

మనమెంతటి ఓటమివార్తను చెవియొగ్గి వినగలమో అంతటి కఠినమైన శిక్షణనే మన వైమానికులు పొందగలరు. దుండిగల్లు మైదానమున రెక్కలు ధరించు ప్రతి బిడ్డకును మనమిచ్చు ఆశీర్వచనము, "నీకెన్నడును ఓటమి లేకుండుగాక" అని కాక, "నీ ఓటములన్నియు మనవారి చేతిలోనే, మన యాకాశముననే ముగియుగాక" అని యుండవలెను. ఆ మాటను మనసార పలుకగల ధైర్యము ఈ సభలోని ప్రతివారికిని కలుగుగాక!